ఎరుక లేదు

"ముప్పై ఆరేండ్లు వచ్చినంక నీకు ఐరిష్ భాష ఎందుకు?"

ఈ మాట నన్ను ముగ్గురు అడిగిండ్రు. మొదట మా బడిల తోటి పంతులు అడిగిండు. ఆయన ఎకసెక్కానికి అడిగిండు, నవ్వి ఊకున్న. తర్వాత సంఘంల నాతోపాటు తిరిగే అన్న అడిగిండు. ఆయన నవ్వలేదు. "మన పిల్లలు ఇంగ్లీషు రాక, ఇంటర్వ్యూల కాడ నోరు పెగలక ఎనుకకు తిరిగొస్తున్నరు. నువ్వేమో సముద్రాల అవతలి సగం సచ్చిన భాష నేర్సుకుంటున్నవు. ఎవల సోకు తమ్మీ ఇది?" అన్నడు. మూడోసారి మా అవ్వ అడిగింది. "దాంతోని జీతమేమన్న పెరుగుతదా కొడుకా?"

అప్పుడు ముగ్గురికీ జవాబు చెప్పలేకపోయిన. ఇది ఆ జవాబు. ముఖ్యంగా అన్నకు. ఎందుకంటే ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న.

మాది నల్లగొండ జిల్లాల ఒక ఊరి చివరి మాదిగ వాడ. మా నాయిన చెప్పులు కుట్టేది, డప్పు కొట్టేది. అవ్వ నాట్లకు పోయేది. మా ఇంట్ల డిగ్రీ అనే మాట మొదట తెచ్చింది నేను. నా ఎనుక నా చెల్లె నర్సింగు చదివింది. 2019ల ఐర్లండుకు పోయి గాల్వే పట్నంల కొలువుల చేరింది. రెండేండ్లకు బావనూ బిడ్డనూ పిలిపించుకుంది. అప్పుడు నా కోడలికి ఏడేండ్లు.

ఇంగ్లీషు మాట్లాడే దేశమనుకొని పోతే బడిల ఇంకో భాష ఎదురైంది. అక్కడి సర్కారు పాఠ్యక్రమంల ఐరిష్ తప్పనిసరి. పన్నెండేండ్లు నిండినంక బయటి దేశం నుంచి వచ్చిన పిల్లలకు మినహాయింపు దొరకొచ్చు గని, ఏడేండ్ల పిల్ల నేర్సుకోవాల్సిందే. ఒకనాడు చెల్లె ఫోన్ చేసింది. "అన్నా, బిడ్డకు ఐరిష్‌ల హోంవర్కు ఇస్తున్నరు. నాకు ఒక్క ముక్క తెల్వది. మిగిలిన పిల్లల తల్లులు బడిల నేర్సుకున్నోళ్లే, ఎంతో కొంత చెప్తరు. నా బిడ్డ ఒక్కతే ఖాళీ పుస్తకం పట్టుకపోతుంది."

ఆ ఖాళీ పుస్తకం నాకు బాగా తెలుసు. మూడో తరగతిల నేను పట్టుకపోయిన పుస్తకం అదే. ఇంట్ల చెప్పేటోళ్లు లేని పిల్లగాని పుస్తకం. మేమిద్దరం చదువుకున్నం, నా చెల్లె సముద్రం దాటింది, జీతం సంపాదించింది. అయినా మా ఇంటి పిల్ల మళ్లా మొదటి తరం పిల్లనే అయింది. "నేను నేర్సుకొని చెప్త తియ్యి" అన్న. అట్ల మొదలైంది. ఇందుల సోకేమీ లేదు.

రాత్రి అన్నం తిన్నంక ఫోన్‌ల పాఠాలు విని, కాపీ పుస్తకంల రాసుకునేటోన్ని. కొత్త భాషల మనిషి ముందు నేర్సుకునేది మాటలు కాదు, తన నోరు ఎంత మొద్దుదో నేర్సుకుంటడు. మన క్రియ వాక్యం చివర వస్తది. వాళ్ల క్రియ ముందట కూసుంటది. "నేను రొట్టె తిన్న" అనాలంటే "తిన్న నేను రొట్టె" అన్నట్టు చెప్పాలె. అక్షరాలు ఒక తీరుంటయి, పలుకుడు ఒక తీరు. నెల రోజులు పోయినా నా కోడలు నాకంటె ముందే ఉన్నది.

అయితే కొన్ని చోట్ల ఆ భాష మన వాకిట్లకే వచ్చి కూసున్నట్టు అనిపించింది. అవును, కాదు అనే విడి మాటలు దాంట్ల లేవు. "తిన్నవా?" అంటే "తిన్న" అనాలె, మన ఇండ్లల్ల అన్నట్టే. ఇంగ్లీషుల లెక్క 'నేను ఫలానాది కలిగి ఉన్న' అని చెప్పే క్రియ కూడా లేదు. పుస్తకం నా దగ్గర ఉంది అంటరు. భాషనైనా అంతే. 'తా గేల్గె ఆగమ్' అంటే ఐరిష్ నా దగ్గర ఉంది అని. మనం "నాకు తెలుగు వచ్చు" అంటం. వచ్చిందంటే ఎక్కడినుంచో వచ్చినట్టే కద. ఈ రెండు భాషలల్ల ఎవరూ భాషకు పట్టాదారు కాడు. ఆకలైతే 'తా ఓక్రస్ ఓరమ్' అంటరు. ఆకలి నా మీద ఉంది అని. మోసినోళ్లకు తెలుస్తది ఆ 'మీద' అంటే ఏందో.

ఇంకొక మాట కాడ నేను కలం కింద పెట్టిన. 'నీల్ ఇస్ ఆగమ్.' తెలియదు అని చెప్పే మాట. విడదీసి చూస్తే, దాని ఎరుక నా దగ్గర లేదు అని అర్థం. ఎరుక లేదు! మా అవ్వ మాట. మా వాడ మాట. బడిల పంతులు పలకమీద కొట్టేసిన మాట.

మూడో తరగతిల పంతులు బొమ్మ చూపెట్టి "ఇదేంది?" అన్నడు. "శెట్టు" అన్న. మా ఇంట్ల అందరం శెట్టు, శెయ్యి, శెరువు అనే అంటం. "చెట్టు అనరా" అన్నడు. నేను మళ్లా "శెట్టు" అన్న. బెత్తం తీసిండు. "తోలు నాలుకరా నీది, తిరగదు" అన్నడు. పిల్లలందరూ నవ్విండ్రు. మా నాయిన తోలు పని చేస్తడని ఆ తరగతిల అందరికీ తెలుసు. మా ఊరి దొర మనుమడు కూడా శెట్టు అనేటోడు. ఆ పిల్లగాడంటే పంతులు "ముద్దుగా అంటడు" అని నవ్వేటోడు. ఒకటే మాట, ఒకటే తప్పు. వాని నోట్ల ముద్దు, నా నోట్ల తోలు. ఆనాటి నుంచి పదో తరగతి దాకా తరగతిల నోరు తెరిచి "నాకు తెల్వదు సార్" అని అడగలేదు. తెల్వదంటే ఎరుక లేదని ఒప్పుకున్నట్టు. నా కులానికి ఎరుక ఉండదని వాళ్లు ముందే రాసుకున్న దానికి నేను సాక్ష్యం చెప్పినట్టు.

ఇప్పుడు ఐరిష్ వ్యాకరణంల ఒక సంగతి చూడండ్రి. 'బాడ్' అంటే పడవ. 'నా పడవ' అనాలంటే 'మొ వాడ్' అనాలె. ముందట 'నా' అనే మాట రాంగనే బ మెత్తబడి వ అయితది. మొదటిసారి విన్నప్పుడు నా చెవికి 'నా వాడ' అని వినపడ్డది, నవ్వుకున్న. 'తిగిమ్' అంటే అర్థమైంది. అర్థం కాలేదు అనాలంటే 'నీ హిగిమ్'. త పోయి హ వచ్చింది. మాట మొదటి హల్లు ఇట్ల మెత్తబడుడుకు వాళ్లు 'షేవూ' అని పేరు పెట్టిండ్రు. మెత్తబరుచుడు అనే అర్థం. చిన్న పిల్లలకు దాన్ని పాఠంగ చెప్తరు. మెత్తబరచకపోతే తప్పు.

మన దగ్గర లేదా? ఉంది. పండితులు గసడదవాదేశం అంటరు. 'వాడు కొట్టె' వాడు గొట్టె అయితది, 'అపుడు చనియె' అపుడు సనియె అయితది. క చ ట త ప లు మెత్తబడి గ స డ ద వ లు అయితయి. చిన్నయసూరి 1858ల అచ్చేసిన బాలవ్యాకరణంల ఉన్న సంగతే. నేను పరీక్షకు బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్న. పద్యంల చకారం మెత్తబడితే సంధి. మాదిగ పిల్లగాని నోట్ల చకారం మెత్తబడితే తోలు నాలుక. రెండూ ఒకటే సూత్రం కాకపోవచ్చు, నాలుక చేసిన పని మాత్రం ఒకటే. తప్పొప్పులు నాలుకల లేవు. ఎవల నాలుక అన్న దాంట్ల ఉన్నయి. ఇది నాకు ముప్పై ఆరేండ్లకు, పరాయి భాష ముందట కూసుంటె తెలిసొచ్చింది.

ఇక ఆ భాష ఎట్ల సచ్చిందో చెప్పాలె. ఐర్లండును ఇంగ్లండు వందల ఏండ్లు ఏలింది. భూమి పోయింది, అధికారం పోయింది. కోర్టు, కొలువు, బజారు అన్నీ ఇంగ్లీషులోకి మారినయి. 1831లో సర్కారు ప్రాథమిక బడులు పెట్టింది. వాటిల్లో చదువు ఇంగ్లీషులోనే. పందొమ్మిదో శతాబ్దం బడులలో 'బటా స్కోర్' అనేది ఒకటి ఉండేది. పిల్లల మెడలో వేలాడదీసే కట్టె. పిల్లవాడు ఐరిష్ మాట్లాడినప్పుడల్లా దాని మీద ఒక గాటు పెట్టేవారు. సాయంత్రం గాట్లు లెక్కబెట్టి అన్ని దెబ్బలు కొట్టేవారు. గాటు పంతులు ఒక్కడే పెట్టలేదు. ఇంట్లో తల్లిదండ్రులు కూడా పెట్టారు. ఇంగ్లీషు రాని తల్లి, తన భాష మాట్లాడిన బిడ్డ మెడలోని కట్టె మీద తన చేత్తోనే గాటు పెట్టింది.

1845 నుంచి 1852 దాకా ఆలుగడ్డ తెగులుతో మహాకరువు వచ్చింది. వాళ్ల భాషలో 'అన్ గోర్త మోర్', పెద్ద ఆకలి. సుమారు పది లక్షల మంది చచ్చిపోయారు. అంతకు తగ్గకుండా ఓడలెక్కారు. ఎక్కువగా చచ్చిందీ, పోయిందీ పడమటి దిక్కు పేదలే. ఐరిష్ ఎక్కువగా బతికి ఉన్నదీ వాళ్ల నోళ్లలోనే. తర్వాత ఏ తల్లైనా ఏమనుకుంటుంది? ఓడెక్కే బిడ్డకు ఇంగ్లీషు కావాలి. కరువుకు ముందే డేనియల్ ఓకానెల్ ఆ మాట అన్నాడు. 1829లో కాథలిక్కులకు పార్లమెంటు తలుపు తెరిపించిన నాయకుడు, ఐరిష్ మాట్లాడే ఇంట్లో పెరిగినవాడు. ఇంగ్లీషు ఎక్కువ పనికొస్తుంది, ఐరిష్ నెమ్మదిగా పోతే తాను బాధపడనన్నాడు.

సంఘం అన్నా, నువ్వన్న మాట అదే. దాన్ని తప్పనే హక్కు కడుపు నిండినోనికి లేదు. బువ్వ ఒక్క భాష దిక్కే పెట్టినంక, ఆకలైనోడు అటు నడిస్తే ద్రోహి ఎట్లైతడు? మా అవ్వ కూడా నన్ను ఇంగ్లీషు నేర్వుమనే తరిమింది.

కాని కట్టె కథ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దానికి కారణం ఐర్లండు కాదు, నా తరగతి గది.

2022-23ల తెలంగాణ సర్కారు బడులల్ల ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం మొదలైంది. నేను సంబురపడ్డ. దొరల పిల్లలకు దొరికిన భాష మా పిల్లలకూ దొరుకుతదనుకున్న. తొందరగ రావాలని ఒక ఉపాయం చేసిన. ఒక అట్టముక్కకు దారం కట్టి, దాని మీద 'నేను తెలుగు మాట్లాడిన' అని ఇంగ్లీషుల రాసిన. తరగతిల తెలుగు మాట్లాడిన పిల్ల మెడల అది వేసుకోవాలె. ఇంకొకరు మాట్లాడితే వాళ్ల మెడకు మారుతది. ఆట అని చెప్పిన. కొట్టలేదు, తిట్టలేదు. నాలుగో తరగతిల ఒక పిల్ల, మా లాంటి వాడ పిల్లనే, వరుసగ మూడు రోజులు దాంతోనే ఇంటికి పోయింది. నాలుగో నాడు తల్లి కూలికి పోకుండ బడికొచ్చింది. "సారూ, బిడ్డ ఇంట్ల సుత మాట్లాడుతలేదు. ఆకలైతె చెయ్యి సూపెడుతుంది. ఏం జేసిన్రు?" అన్నది. నేను "అలవాటైతది తియ్యమ్మా" అని పంపించిన.

ఆ కట్టె గురించి చదివింది ఇది జరిగిన రెండు నెలలకు. తోలు నాలుక అన్న పంతులు అగ్రకులపోడు అని ఇన్నేండ్లు చెప్పుకుంట తిరిగిన. ఈ అట్టముక్క కట్టిన చెయ్యి ఎవలది? మాదిగ చెయ్యే. నాదే. పీడన పడ్డోనికి ఇంకొకల్ని పీడించుడు చాతకాదని మనం అనుకుంటం. ఐర్లండు చరిత్ర కూడా అట్ల చెప్పదు. జలియన్‌వాలాబాగ్ కాల్పులను సమర్థించిన పంజాబ్ లెఫ్టినెంట్ గవర్నర్ మైకేల్ ఓడ్వయర్ ఐర్లండుల పుట్టినోడే. దెబ్బలు తిన్న దేశం నుంచి వచ్చినోడు ఇక్కడ కట్టె పట్టుకున్నడు. వాళ్లకు జరిగిందీ మనకు జరిగిందీ ఒకటే అని నేను అనను. వాళ్లకు దేశం పోయింది గని, పక్కింటి బావిల నీళ్లు తోడుకుంటె మైల పడ్డదనలేదు. అయితే కట్టె చేతులు మారుతదన్నది మాత్రం రెండు చోట్లా నిజం. తెల్లారి అట్టముక్క చింపేసిన. ఆ పిల్లను దగ్గరికి పిలిచి "తప్పు నాది బిడ్డా" అన్న. పిల్ల ఏం అనలేదు. తల దించుకొని పోయింది.

2023 ఎండకాలం సెలవులల్ల, పై అధికారుల అనుమతి తీసుకొని, చెల్లె పంపిన టికెటు మీద గాల్వే పోయిన. అక్కడ రోడ్ల మీద ఊరి పేర్లు పైన వాలు అక్షరాలల్ల ఐరిష్‌ల, కింద నిటారు పెద్దక్షరాలల్ల ఇంగ్లీషుల ఉంటయి. గ్రంథాలయంల వారానికొకసారి ఐరిష్ ముచ్చట్లు పెట్టుకునే గుంపు ఉంటదని కోడలు చెప్పింది. చాయ్, బిస్కట్లు, పదిమంది దాకా మనుషులు. నల్లటోన్ని నేనొక్కన్నే. నడిపించే ఆమె ముందే చెప్పింది, తప్పులు మాట్లాడాలె, మాట్లాడితేనే వస్తది అని. అతుకుల ఐరిష్ గడసరి ఇంగ్లీషు కంటె మేలని వాళ్ల దగ్గర సామెతే ఉన్నదట. నేను పేరు చెప్పి, ఊరు చెప్పి, మెత్తబరచాల్సిన కాడ మెత్తబరచకుండ మూడు వాక్యాలు మాట్లాడిన. అందరూ సంతోషపడ్డరు. నా జన్మల నా తప్పుకు అట్ల సంతోషపడ్డోళ్లను అదే మొదటిసారి చూసిన. కండ్లల్ల నీళ్లు తిరిగినయి. అది సంతోషమో, కోపమో ఇప్పటికీ చెప్పలేను.

నా పక్కన డెబ్భై ఏండ్ల పెద్దమనిషి కూసున్నడు. బస్సు డ్రైవరు చేసి రిటైరైండు. ఆయన గంటసేపు ఒక్క మాట మాట్లాడలేదు. బయటికొచ్చినంక ఇంగ్లీషుల చెప్పిండు. చిన్నప్పుడు బడిల ఐరిష్ తప్పులకు తోలు పట్టాతోని అరచేతుల మీద కొట్టేటోళ్లట. 1971ల స్కూలు ఆఖరి పరీక్ష. లెక్కలు, చరిత్ర అన్నీ పాసైండు, ఐరిష్ తప్పిండు. అప్పుడు ఐరిష్ తప్పితే సర్టిఫికెటే ఇవ్వరు. ఆ నియమం తీసేసింది 1973ల. "మా ముత్తాతలను ఐరిష్ మాట్లాడినందుకు కొట్టిండ్రు, నన్ను మాట్లాడరానందుకు కొట్టిండ్రు" అన్నడు. యాభై ఏండ్లు ఆ భాష మీద కోపంతోని బతికిండు. ఇప్పుడు మనుమరాలు ఐరిష్ మీడియం బడిల చదువుతుంది. తాతతోని ఐరిష్‌ల మాట్లాడుతుంది. అందుకని వస్తున్నడట. "నేనూ ఒక పిల్ల కోసమే వచ్చిన" అన్న. ఇద్దరం బస్టాపు దాకా నడిచినం.

ఐర్లండు 1922ల సొంత రాజ్యం తెచ్చుకుంది. 1937 రాజ్యాంగంల ఐరిష్‌ను మొదటి అధికార భాష చేసింది. 2022 జనగణనల ఐరిష్ వచ్చునన్నోళ్లు సుమారు 18 లక్షల 74 వేలు. బడి బయట రోజూ మాట్లాడేటోళ్లు సుమారు 72 వేలు. భాషను చంపటానికి కట్టె పనికొచ్చింది. బతికించటానికి అదే కట్టె అంతగ పనికిరాలేదు.

ఇంకొక సంగతి కూడా నన్ను ఆగనియ్యలేదు. 1893లో గేలిక్ లీగ్ పెట్టినవాళ్లలో డగ్లస్ హైడ్ ఒకడు. ప్రొటెస్టెంటు మతగురువు కొడుకు. ఊళ్లోని పేదల దగ్గర కూర్చుని వాళ్ల ఐరిష్ నేర్చుకున్నాడు. గౌరవం వచ్చింది, 1938లో దేశానికి మొదటి అధ్యక్షుడయ్యాడు. ఆయన మంచి పనే చేశాడు. కాని ఆయనకు నేర్పినవాళ్ల భాష వాళ్ల నోట్లో ఉన్నన్నాళ్లు మోటుది. పెద్దింటి బిడ్డ నోట్లోకి వెళ్లినంక ఉద్యమం. మన దగ్గర అంబేడ్కర్‌ను చూడండ్రి. బడిలో సంస్కృతం చదువుతానంటే అంటరాని పిల్లవాడని చెప్పలేదు, పారశీకం చదవమన్నారు. పెద్దయినంక సొంతంగా సంస్కృతం నేర్చుకున్నాడు, పాళీ నేర్చుకున్నాడు, పాళీ నిఘంటువు తయారు చేశాడు. ఒకరికి నేర్చుకునే వయసులో ఊరంతా గురువులయ్యారు. ఇంకొకరికి తలుపు మూశారు, ఆయన పెద్దయ్యాక ఆ తలుపు పగలగొట్టుకొని కొత్త విద్యార్థిలా కూర్చున్నాడు.

అందుకే అన్నా, నా జవాబు ఇది. ఇంగ్లీషు వద్దని నేను అంటలేను. రేపు కూడా ఇంగ్లీషే చెప్త, ఇంకా గట్టిగ చెప్త. కాని మనకు భాష ఒక్కటే కాదు ఇయ్యనిది. తెల్వనిది తెల్వదని చెప్పి, తప్పులు చేసుకుంట నేర్సుకునే వీలు ఇయ్యలేదు. పెద్దింటోడు తెల్వదంటే వానికి ఇంకా నేర్పలేదంటరు. మనం తెల్వదంటే మన పుట్టుకే అంత అంటరు. మొదలుపెట్టేటోనికి ఉండే గౌరవం మనకు దక్కలేదు. అది నాకు పనికిరాని భాషలనే దొరికింది, ఎందుకంటే అక్కడ నా మార్కులు, నా కొలువు, నా కులం పరీక్షకు పెట్టేటోడు ఎవడూ లేడు. ఆ గౌరవం ఎట్లుంటదో ఒకసారి రుచి చూడకుంటే, పిల్లలకు ఎట్ల ఇస్తవు? నేను ఇయ్యలేకపోయిన. అట్టముక్క ఇచ్చిన.

ఇప్పుడు మా బడిల శనివారం మధ్యాహ్నం ఒక పని చేస్తున్న. కోడలికి అప్పుడే తెల్లారి ఉంటది. ఫోన్ పెద్దగ వినపడేటట్టు పెట్టి, తరగతి ముందట నిలబడి ఆ వారం ఐరిష్ పాఠం అప్పజెప్త. ఆ పిల్ల అటునుంచి "తప్పు మామా, మళ్లా చెప్పు" అంటది. మళ్లా చెప్త. మళ్లా తప్పు. పిల్లలు బల్లలు కొట్టుకుంట నవ్వుతరు. వాళ్ల సారు తప్పు చెప్పుడు, చెప్పినా నిలబడే ఉండుడు వాళ్లు చూస్తున్నరు.

మొన్న కోడలు ఏదో మాట అడిగింది. నాకు రాలేదు. మూడు రోజులు అట్టముక్క మోసిన పిల్ల, ఆ సంగతి జరిగినంక తరగతిల నోరు తెరవని పిల్ల, మూడో బల్ల నుంచి లేచి నిలబడ్డది.

"సారూ, మీకు సుత ఎర్కలేదా?"

"ఎర్కలేదు బిడ్డా" అన్న.

"అయితే అడగుండ్రి మల్ల" అన్నది.

అడిగిన.